లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావడం లేదు: మంగళగిరి చీరల పేజీ నడుపుతున్న ఒకరి ప్రశ్నకు సమాధానం

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మంగళగిరిలో మీ అత్తవారింటి మగ్గాల మీద నేసిన నూలు చీరలను ఏడాదిగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. నాలుగు వేల మంది ఫాలోవర్లు ఉన్నారు, మగ్గం వీడియోలకు లైకులు బాగానే వస్తున్నాయి, కానీ నెలకు ఐదారు చీరలకు మించి పోవడం లేదు. ఒక ఏజెన్సీ నెలకు పదిహేను వేలు అడుగుతోంది, ఇంకొకరు డబ్బిస్తే పదివేల మంది ఫాలోవర్లను తెచ్చిపెడతామంటున్నారు. మీరు నెలకు పెట్టగలిగింది పదివేలు. దాన్ని దేని మీద పెట్టాలన్నది మీ ప్రశ్న.

నా సమాధానం ఇది. ఫాలోవర్లను కొనవద్దు, ఏజెన్సీకి ఇప్పుడే ఇవ్వవద్దు, మొదటి మూడు నెలలు ప్రకటనల మీద కూడా నామమాత్రంగానే పెట్టండి. ఆ మూడు నెలల్లో మీ శ్రమనంతా మిమ్మల్ని ఇప్పటికే అడిగినవాళ్ల మీద, ఒక్కసారైనా కొన్నవాళ్ల మీద పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ మీ చీర కనబడే చోటు మాత్రమే, అమ్మకం జరిగేది వాట్సాప్‌లో. మీ కష్టంలో ఎక్కువ భాగం ఇప్పుడు మొదటిదానికి పోతోంది, రెండోది దాదాపు ఖాళీగా ఉంది. ప్రశ్నతో పాటు మీరు జతచేసిన పేజీ చిత్రాలను చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇదే.

నేను చేనేత చీరలను నేతగాళ్ల దగ్గర కొని ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారంలో పదేళ్లకు పైగా ఉన్నాను. పచ్చళ్లు, పిండివంటలు, కుట్టుపని వంటి చిన్న వ్యాపారాలు చేసే కొందరికి ఈ విషయంలో సాయం కూడా చేస్తుంటాను. కింద చెప్పేవన్నీ ఆ అనుభవంలోంచి వచ్చినవే కనుక, పెద్ద బ్రాండ్లకు ఇవి వర్తించకపోవచ్చు.

లైకులు ఆర్డర్లుగా ఎందుకు మారడం లేదో ముందు చూద్దాం. గుంట మగ్గం (గోతిలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం) మీద నాడె, అంటే అడ్డదారాన్ని మోసే కండె, అటూ ఇటూ పరుగెత్తే దృశ్యం ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. దాన్ని చూసి లైకు కొట్టేవాళ్లలో ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లలు ఉంటారు, ఫొటోలు తీసేవాళ్లు ఉంటారు, పోచంపల్లిలోనో చీరాలలోనో అదే వృత్తిలో ఉన్నవాళ్లు ఉంటారు, చేనేత అంటే అభిమానం ఉన్నా ఈ ఏడాదికి చీర కొనే ఉద్దేశం లేనివాళ్లు ఉంటారు. ఎవరు చూసి ఆగారో, ఎవరు లైకు కొట్టారో గమనించి అటువంటివారికే ఇన్‌స్టాగ్రామ్ మీ తర్వాతి వీడియోను కూడా చూపిస్తుంది. అందువల్ల మీరు మగ్గం వీడియోలే పెడుతూ పోతే మగ్గం చూడాలనుకునేవాళ్లే పోగవుతారు. కొనేవాళ్లు అడిగేవి వేరు. ధర ఎంత, రవికె గుడ్డ ఉందా, పొడవెంత, అంచు ఎంత వెడల్పు, రంగు పోతుందా, గంజి పెట్టాలా, వచ్చే శుక్రవారం లోపల చేరుతుందా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా. మీ పేజీలో వీటిలో ఒక్కదానికీ జవాబు కనబడలేదు. మగ్గం వీడియోలను మానేయమనడం లేదు. అవి మీరు నిజంగా నేసేవాళ్లేనన్న నమ్మకాన్ని కలిగిస్తాయి, దళారీ పేజీలకు మీకు తేడా అదే. ప్రొఫైల్ పైభాగంలో మూడు పోస్టులను పిన్ చేసుకునే వీలుంది కదా, ఒకటి మగ్గం వీడియో, రెండోది ఆర్డరు ఎలా ఇవ్వాలో చెప్పే పోస్టు, మూడోది కొన్నవాళ్లు కట్టుకుని పంపిన ఫొటోలు (వాళ్ల అనుమతితో) పెట్టండి. తర్వాత పెట్టే ప్రతి నాలుగు పోస్టుల్లో మూడు ఫలానా చీరను ఫలానా ధరకు అమ్మేవిగానే ఉండాలి.

ధర రాయండి. "ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" అన్న మాట చిన్న వ్యాపారులకు ఎవరు నేర్పారో తెలియదు కానీ, దానివల్ల పోయే అమ్మకాలే ఎక్కువ. ధర లేని చీర ఖరీదైనదేమోనని మధ్యతరగతి కొనుగోలుదారు అడగకుండానే వెళ్లిపోతుంది. అడిగినవాళ్లలో సగం మంది ధర విని మౌనంగా ఉండిపోతారు, వాళ్లందరికీ జవాబులు రాయడానికి మీ సాయంత్రాలు హరించుకుపోతాయి. పక్కవాళ్లు చూసి ధర తగ్గిస్తారన్న మీ భయం నాకు అర్థమవుతుంది. మీ ఊళ్లో ఏ కౌంటు (నూలు సన్నదనాన్ని తెలిపే అంకె) చీర ఎంతకు పోతుందో పక్కవాళ్లకు ఇప్పటికే తెలుసు, తెలియనిది దూరాన ఉన్న కొనుగోలుదారుకే. పెళ్లి కోసం ప్రత్యేకంగా నేయించే చీరకు మాత్రం ధర మాట్లాడుకున్నాక చెప్పవచ్చు.

ఫొటో విషయంలో ఎక్కువ చెప్పను. ట్యూబులైటు కింద తీసిన నూలు చీర రంగు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. ఉదయం పూట, నీడలో, ఎటువంటి ఫిల్టరూ లేకుండా తీయండి. ఒక ఫొటో మొత్తం చీరది, ఒకటి అంచు పక్కన స్కేలు పెట్టి తీసినది, ఒకటి పైటకొంగుది, ఒకటి ఎవరైనా కట్టుకున్నది ఉంటే చాలు. ఆకుపచ్చ, వంగపండు రంగు, రెండు రంగుల దారాలతో వచ్చే నీడరంగులు ఏ ఫోనులోనూ సరిగ్గా రావు కనుక వాటికి "ఫొటోలో కనిపించేదానికన్నా ముదురు" అనో, "ఎండలో కొంచెం ఎరుపు మెరుస్తుంది" అనో మాటల్లో రాయండి. వెనక్కి వచ్చే చీరల్లో చాలావరకు రంగు తేడాతో వచ్చేవే, ఒక్క వాక్యంతో వాటిని ఆపవచ్చు.

ఇక అసలు విషయం, వాట్సాప్. మీరు మామూలు వాట్సాప్‌నే వాడుతున్నట్టున్నారు. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది, ఉచితం, చిన్న దుకాణాల కోసమే తయారైంది. వ్యాపారానికి వేరే నంబరు తీసుకుని దానిలో పెట్టుకోండి. అందులోని కేటలాగులో ప్రతి చీరకూ ఫొటోలు, ధర, ఒక కోడు పెట్టండి. చాట్లను రకాలుగా విడదీసుకోవడానికి లేబుళ్లు అన్న సదుపాయం ఉంది. కొత్త కస్టమర్, కొత్త ఆర్డరు, డబ్బు రావలసినది, డబ్బు వచ్చినది, పూర్తయిన ఆర్డరు వంటి లేబుళ్లు ముందే ఉంటాయి, మీకు కావలసినవి కలుపుకోవచ్చు. నేను "అడిగి ఆగినవారు" అన్న లేబుల్ ఒకటి పెట్టుకున్నాను, నా అమ్మకాల్లో గణనీయమైన భాగం ఆ లేబుల్ కిందివాళ్ల నుంచే వస్తుంది. ఎవరైనా ముదురు నీలం చీర అడిగితే, అది అయిపోయి ఉంటే, పేరు పక్కన ఆ సంగతి రాసుకుంటాను. మళ్లీ ఆ రంగు పడుగు (నిలువు దారాలు) నేతగాళ్ల మగ్గం మీదికి ఎక్కినప్పుడు ఆమెకే మొదట ఫొటో పంపుతాను. తను అడిగిన రంగును ఎవరో గుర్తుపెట్టుకున్నారన్న సంగతి చూసి కొన్నవాళ్లు తర్వాత వేరేచోట వెతకరు.

ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు, అయితే మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక "నేను అందరికీ పంపాను, ఎవరూ పలకలేదు" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. స్టేటస్ కూడా అంతే, మీ నంబరు వాళ్ల దగ్గర, వాళ్ల నంబరు మీ దగ్గర ఉంటేనే కనబడుతుంది. కాబట్టి ప్రతి పార్సిల్‌లోనూ ఒక చిన్న కార్డు పెట్టి, "ఈ నంబరును మీ ఫోనులో దాచుకోండి, కొత్త చీరలు స్టేటస్‌లో పెడతాం" అని రాయండి. పార్సిల్ చేరాక ఒకసారి పలకరించి, చీర ఎలా ఉందో అడిగి, అదే మాట మళ్లీ చెప్పండి. అంగీకరించినవారినే జాబితాలో చేర్చాలి. వారానికి రెండుసార్లకు మించి పంపకండి. విసుగెత్తి పదిమంది బ్లాక్ చేసినా, ఫిర్యాదు చేసినా వాట్సాప్ మీ నంబరును నిలిపివేసే ప్రమాదం ఉంది. ఎక్కడినుంచో కొన్న నంబర్ల జాబితాకు పంపడమంటే ఆ ప్రమాదాన్ని డబ్బిచ్చి తెచ్చుకోవడమే. గ్రూపు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనబడతాయి, ఒకరి బేరం మరొకరు చదువుతారు, పోటీదారు కూడా చేరిపోతాడు. నేను పెట్టను.

ఇంకో కారణం వల్ల కూడా జాబితా మీ చేతిలో ఉండాలంటున్నాను. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, అక్కడ లక్షల ఫాలోవర్లు ఉన్న అమ్మకందారులు ఒక్క రాత్రిలో కొనుగోలుదారులందరినీ పోగొట్టుకున్నారు, ఎందుకంటే వాళ్ల ఫోన్ నంబర్లు వీళ్ల దగ్గర లేవు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ గంటల తరబడి ఆగిపోయినప్పుడు ఫోన్ చేసి ఆర్డర్లు తీసుకోగలిగింది పుస్తకంలో నంబర్లు రాసుకున్నవారే. పేరు, ఊరు, నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏ రంగులు ఇష్టం, ఎక్కడ చూసి వచ్చారు అన్న ఏడు గళ్లతో ఒక పుస్తకం గాని, గూగుల్ షీటు గాని ఈ రోజే మొదలుపెట్టండి. ప్రకటనల మీద పెట్టే మొదటి రూపాయికన్నా ఇది విలువైన పెట్టుబడి.

మీకు ఉన్న, నాకు లేని ఒక సౌకర్యం గురించి కూడా చెప్పాలి. నేను ఇతరులు నేసినవాటిని కొని అమ్ముతాను, మీరు నేయకముందే అమ్మగలరు. ఒక పడుగు వేస్తే దాని మీద వరుసగా కొన్ని చీరలు దిగుతాయి కదా. పడుగుకు రంగు అద్దించేముందే స్టేటస్‌లో రెండు మూడు రంగుల నూలు ఫొటోలు పెట్టి "వచ్చే పడుగు ఏ రంగుది వేయమంటారు" అని అడగండి. ఎక్కువమంది ఎంచుకున్న రంగు వేసి, కొంత అడ్వాన్సు తీసుకుని ముందే పేర్లు రాసుకోండి. అప్పుడు మీరు చూపించే మగ్గం వీడియో అందమైన దృశ్యంగా మాత్రమే మిగలదు, అది ఎవరో ఒకరి చీర అవుతుంది, ఆమె దాన్ని తన చెల్లెలికీ వదినకూ పంపుతుంది. చేనేతలో నాకు తెలిసినంతవరకు ఇంతకన్నా చవకైన ప్రచారం లేదు.

వేళల విషయానికి వస్తే, మన కొనుగోళ్లన్నీ పంచాంగాన్ని బట్టే నడుస్తాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి, సంక్రాంతి, మధ్యలో పెళ్లి ముహూర్తాలు. పండుగ వారంలో పోస్టులు పెట్టి లాభం లేదు. రవికె కుట్టించుకోవడానికే దర్జీలు పది పదిహేను రోజులు అడుగుతారు కనుక పండుగకు నాలుగు వారాల ముందు చూపించాలి, రెండు వారాల ముందు ఆపేయాలి. ఆషాఢంలో పెద్ద దుకాణాలు తగ్గింపు ధరలు పెడతాయి, వాటితో పోటీపడి మీరూ తగ్గించకండి. మూఢం వచ్చిన నెలల్లో పెళ్లి చీరల గురించి కాక ఆఫీసుకు కట్టుకునే చీరల గురించి పెట్టండి. మంగళగిరి నూలు చీరకు బ్యాంకుల్లో, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే మహిళలు ఏడాది పొడవునా కొనుగోలుదారులు. అమెరికాలో ఉన్న తెలుగువారికి లైవ్‌లో చూపించాలనుకుంటే మన ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు మంచి వేళ, అప్పుడు డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది, కాలాన్ని బట్టి ఒక గంట తేడా. అయితే 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు కనుక, సుంకం ఎవరు కట్టాలో ముందే రాతపూర్వకంగా చెప్పండి. లేదా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న వాళ్ల బంధువుల చిరునామాకు పంపండి, వెళ్లేవాళ్లు సంచిలో పెట్టుకుని వెళతారు. నా విదేశీ ఆర్డర్లలో ఎక్కువ భాగం ఇప్పుడు ఈ దారినే వెళుతున్నాయి.

యూట్యూబును మీరు అసలు పట్టించుకోలేదు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు రెండు మూడు రోజుల్లో అడుగున పడిపోతుంది, యూట్యూబులో "మంగళగిరి కాటన్ చీరలు" అని వెతికేవాళ్లకు ఏడాది క్రితం వీడియో కూడా దొరుకుతుంది. పది చీరలను ఒక్కొక్కటిగా విప్పి చూపుతూ, ధర చెబుతూ, కోడు నంబరు తెర మీద పెడుతూ పది నిమిషాల వీడియో నెలకు రెండు చేయండి. నచ్చినదాని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయడం మన ఆడవాళ్లకు ఇప్పటికే అలవాటైన పద్ధతి. నలభై దాటిన కొనుగోలుదారులు ఇన్‌స్టాగ్రామ్‌లో కన్నా అక్కడా, ఫేస్‌బుక్‌లోనూ ఎక్కువ ఉంటారు, కొనే శక్తీ వాళ్లకే ఎక్కువ. ఫేస్‌బుక్ పేజీలో మాత్రం ఉచితంగా ఎక్కువమందికి చేరుతుందని ఆశించకండి. స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తూ 2018 జనవరిలో వాళ్లు చేసిన మార్పు తర్వాత వ్యాపార పేజీల పోస్టులు కనబడడం బాగా తగ్గింది. లైవ్ వీడియోలకు, ప్రకటనలకు తప్ప దాన్ని నేను వాడను.

ఇక ప్రకటనలు. డబ్బిస్తే పోస్టును ఎక్కువమందికి చూపించే "బూస్ట్" బటన్ పోస్టు కింద కనిపిస్తుంది, దాన్ని నొక్కి డబ్బు పోగొట్టుకున్నామని చెప్పేవాళ్లు ఎక్కువ. ప్రకటన ఇచ్చేటప్పుడు మీరు ఏ ఫలితం అడిగితే అది చేసే అలవాటున్నవాళ్లనే ఆ యంత్రాంగం వెతుకుతుంది. లైకులు అడిగితే లైకులు కొట్టేవాళ్లను తెస్తుంది. అందువల్ల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని సంస్థ మెటా ప్రకటనల కోసం పెట్టిన యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, నొక్కితే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకునే రకం ప్రకటన పెట్టండి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం వంటి నగరాలు ఎంచుకుని, ధర రాసి ఉన్న ఒక్క చీర వీడియోనే వాడండి. రోజూ మార్చకండి, కనీసం వారం నడవనివ్వండి. మార్చిన ప్రతిసారీ అది మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. ఉదాహరణకు రోజుకు 300 చొప్పున వారానికి 2,100 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 2,478. నలభైమంది సందేశం పంపి ఆరుగురు కొన్నారనుకుంటే ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చే 413 రూపాయలు. చీర మీద మీకు ఖర్చులు పోను మిగిలేది 350 అయితే ప్రతి అమ్మకానికి 63 రూపాయల నష్టం. ఈ లెక్క చూసి ప్రకటనలు పనికిరావని కొందరు, ధర పెంచాలని కొందరు అంటారు. నేను చూసేది వేరు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఏడాదిలోగా మళ్లీ ఒక చీర కొంటే ఆ రెండో చీరకు ప్రకటన ఖర్చు లేదు, నష్టం లాభంగా మారుతుంది. మళ్లీ కొనిపించుకునే ఏర్పాటు లేనివారికి ప్రకటన నష్టమే. మొదటి మూడు నెలలు వాట్సాప్ పని చేయమన్నది అందుకే. ఆ తర్వాత మీ పదివేలలో ఐదారు వేలు ప్రకటనలకు, మిగిలినది మంచి ప్యాకింగుకు, వెనక్కి వచ్చే చీరల కొరియరు ఖర్చుకు పెట్టుకోవచ్చు.

పదివేల ఫాలోవర్లను తెస్తామన్నవారి సంగతి. వాళ్లు తెచ్చేవి చాలావరకు మనుషులు లేని ఖాతాలు. 2018 నవంబరు నుంచే ఇన్‌స్టాగ్రామ్ ఇటువంటి దొంగ ఫాలోలను, లైకులను తొలగిస్తామని ప్రకటించి తొలగిస్తోంది, కనుక డబ్బిచ్చి తెచ్చుకున్నవి కొన్నాళ్లకు రాలిపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం, మీ చీర చూపించినప్పుడు ఆ పదివేల ఖాతాలు స్పందించవు, ఆసక్తి లేని పోస్టని లెక్కించి అసలు మనుషులకు కూడా తక్కువ చూపిస్తారు. చీర కొనే మనిషికి మీ ఫాలోవర్ల సంఖ్యతో పనిలేదు, కింద వ్యాఖ్యల్లో "నాకు చేరింది, బాగుంది" అని రాసినవాళ్లు ఎందరున్నారో చూస్తుంది.

ఇన్‌ఫ్లుయెన్సర్ల విషయంలో నేను కొంచెం మెతకగా ఉంటాను, కొందరివల్ల నిజంగా అమ్మకాలు జరిగాయి. లక్షల ఫాలోవర్లు ఉన్నవారికన్నా, చీరలు రోజూ కట్టుకుని చూపించే, పదిహేను ఇరవై వేలమంది ఉన్న అధ్యాపకురాలో గృహిణో మీకు మేలు. వాళ్ల ఫాలోవర్లు ఏ ఊళ్లవారో చూపించే పేజీని ఫొటో తీసి పంపమనండి, చూపించనివారిని వదిలేయండి. డబ్బు తీసుకున్నా, చీర ఉచితంగా తీసుకున్నా అది ప్రకటనేనని స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల వరకు జరిమానా ఉంది, అది ప్రకటన చేసినవారికే కాదు, సరుకు తయారుచేసినవారికి కూడా. అందుకే మరమగ్గం గుడ్డను చేనేత అని ఎక్కడా రాయవద్దు. మీ దగ్గర అన్నీ మగ్గం మీదివే అయితే చేనేతేనని ప్రభుత్వం గుర్తించినట్టు చూపే చేనేత మార్కు లేబుల్ కోసం దరఖాస్తు చేసుకోండి. మంగళగిరి చీరకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఉంది, ఆ సంగతి కేటలాగులో రాయండి. దూరాన ఉన్నవాళ్లకు నిజాం అంచు (మంగళగిరి చీరల జరీ అంచు) అంటే ఏమిటో, వంటి భాగంలో బుటాలు లేకపోవడం లోపం కాదని, అది ఈ నేత పద్ధతేనని రెండు వాక్యాల్లో చెప్పండి. చాలామందికి తెలియదు.

కొన్ని జాగ్రత్తలు. డబ్బు చెల్లించినట్టు పంపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, బ్యాంకు ఖాతాలో జమ అయిందో లేదో చూశాకే పార్సిల్ కట్టండి. సైన్యంలో అధికారినని చెప్పి, ఒకేసారి ఇరవై చీరలు కావాలని, డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమని అడిగేవాళ్లు మీకూ తప్పక తగులుతారు. డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ అక్కరలేదు. మీ పేజీ కాపీరైటు ఉల్లంఘించిందని, 24 గంటల్లో తొలగిస్తామని వచ్చే సందేశాల్లోని లింకులు నొక్కకండి, ఖాతాలు పోయేది ఎక్కువగా అక్కడే. పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడు అడిగే రెండంచెల ధ్రువీకరణను ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ మూడింటిలోనూ పెట్టుకోండి. బిజినెస్ ఖాతాలో సినిమా పాటలు పెట్టి రీల్స్ చేయవద్దు, ఆ ఖాతాలకు మెటా ఇచ్చే ఉచిత సంగీతమే వాడాలి. మగ్గం చప్పుడే ఉంచితే ఇంకా మంచిది.

జీఎస్టీ గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. వస్తువులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల లోపు, తెలంగాణలో 20 లక్షల లోపు అమ్మకాలుంటే సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కరలేదు, అయితే రాష్ట్రం దాటి అమ్మేవారికి ఆ పరిమితి వర్తించదు. చేతివృత్తుల వస్తువులకు షరతులతో మినహాయింపు ఉంది. మీ చీరలు దాని కిందికి వస్తాయో లేదో మీ ఊరి అకౌంటెంటును అడిగి, బెంగళూరుకు ప్రకటనలు ఇవ్వడానికి ముందే తేల్చుకోండి.

ఇదే సలహా అందరికీ సరిపోదు. కాకినాడ వైపు పచ్చళ్లు చేసే ఒకావిడకు నేను దాదాపు ఇదే చెప్పాను, ఆమెకు ఇన్‌స్టాగ్రామ్ అవసరమే పడలేదు. ఆవకాయ కాలంలో పాత కొనుగోలుదారులకు పంపే ఒక్క వాట్సాప్ సందేశంతోనే ఆమె పెట్టిన జాడీలు అయిపోతాయి. ఆమె పెట్టిన శ్రద్ధంతా 14 అంకెల ఆహార భద్రత నంబరు లేబుల్ మీద వేయించడం, నూనె కారకుండా ప్యాక్ చేయడం మీదే. వరంగల్‌లో బ్లౌజులు కుట్టే ఒక దుకాణానికి రీల్స్‌కన్నా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఎక్కువ పనిచేసింది, ఎందుకంటే దర్జీని వెతికేవాళ్లు "దగ్గరలో" అని మ్యాపులో వెతుకుతారు, అక్కడ ఫొటోలు, తెరిచి ఉండే వేళలు, సమీక్షలు ఉన్నవారికే వెళతారు. మీకు కూడా ఇంటి దగ్గరకు వచ్చి కొనేవాళ్లు కొందరు ఉన్నారంటున్నారు కనుక ఆ ప్రొఫైల్ ఒకటి పెట్టుకోండి, ఉచితమే. గుడికి వచ్చినవాళ్లు మంగళగిరిలో చీరలు ఎక్కడ దొరుకుతాయని మ్యాపులో వెతకడం మామూలే.

ఇక ఏజెన్సీ. నెలకు యాభై అరవై ఆర్డర్లు దాటి, జవాబులు రాయడానికే మీకు వేళ చాలనప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా మొదట ఇంట్లోవాళ్లనో, చదువుకున్న పక్కింటి అమ్మాయినో జీతానికి పెట్టుకుని జవాబులు రాయించడమే మేలు, చీర గురించి అడిగేదానికి నగరంలో కూర్చున్న ఏజెన్సీ జవాబు చెప్పలేదు. ఏజెన్సీకే ఇవ్వాలని నిర్ణయించుకుంటే కాగితం మీద మూడు షరతులు రాయించుకోండి. పేజీ, యాడ్ అకౌంటు, వాట్సాప్ నంబరు మీ పేరు మీదే ఉండాలి, వాళ్లకు పనిచేసే అనుమతి మాత్రమే ఇస్తారు, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలగాలి. ప్రకటనల డబ్బు మీ కార్డు నుంచి నేరుగా వెళ్లాలి, వాళ్ల ఫీజు వేరుగా ఉండాలి. నెలాఖరున వాళ్లు ఇచ్చే నివేదికలో ఎందరు చూశారన్నది కాక, ఎందరు సందేశం పంపారు, వారిలో ఎందరు కొన్నారు, ఒక్కో ఆర్డరుకు ఎంత పడింది అన్నవి ఉండాలి. మిమ్మల్ని పదిహేను వేలు అడిగినవారికి ఈ మూడూ పంపి చూడండి, వాళ్లేమన్నారో ఇక్కడ రాస్తే ఆ పైన ఏం చేయాలో చెబుతాను.